బాతువ దగ్గర పొగ
అమ్మకి అరసవల్లి మొక్కు ఉంది. అదీ ఆదివారమే తీర్చాలంది. రాజమండ్రి నుంచి విజయనగరం దాకా ఎలా వచ్చామో చెప్పడానికి ఏమీ లేదు, నిద్రపోయాం. అక్కడ పాసింజరు ఎక్కాం. సీట్లు దొరికాయి, ఎదుటివాళ్లు జామకాయలు కోసి ఉప్పూకారం అద్ది మాకూ పెట్టారు.

చీపురుపల్లి దాటాక, బాతువ స్టేషన్ దగ్గర ఇనుము కాలిన వాసన మొదలైంది. కిటికీ పక్కనుంచి పొగ లేచింది. "మంటలు!" అని ఎవరో అరిచారు, ఇంకెవరో చైన్ లాగారు. బండి పూర్తిగా ఆగనేలేదు, అప్పటికే తలుపుల దగ్గర తోపులాట. ఇందాక జామకాయలు పంచినవాళ్లే పిల్లల్ని చంకనేసుకుని అందరినీ నెట్టుకుంటూ పోతున్నారు. నేను అమ్మ చేయి గట్టిగా పట్టుకున్నాను. గుండె దడదడలాడుతోంది, నాకూ దూకేయాలనే ఉంది.

అప్పుడు పొందూరు వెళ్తున్న ఒక పెద్దమ్మ, రెండో పట్టా ఉన్న వైపు తలుపుకి తన గంప అడ్డం పెట్టి నిలబడింది. "అటేపు దిగీకండి! ఆ పట్టా మీద బండొచ్చేస్తాది. దిగితే పొలం ఏపు దిగండి. ముందు గుంటల్ని అందించండి. బాబూ, నువ్వా తలుపేసి అక్కడే ఉండు" అంది. ఆ కుర్రాడు తలుపు వేశాడు. ఇద్దరు మగవాళ్లు పొలం వైపు కిందికి దిగి పిల్లల్ని అందుకున్నారు. తోపులాట దానంతటదే తగ్గింది.

అప్పటిదాకా నలుగురైదుగురు "కంగారు పడకండి, కంగారు పడకండి" అని అరుస్తూనే ఉన్నారు. ఆ అరుపులు వింటే టెన్షన్ ఇంకా పెరిగింది. పెద్దమ్మ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఎవరికేం పని ఉందో చెప్పింది, అంతే. చేతికి పని దొరికిన మనిషి ఇక పక్కవాణ్ణి నెట్టడని నాకు అక్కడే అర్థమైంది.

కాసేపటికి గార్డు వచ్చి చూశాడు. బ్రేకు చక్రానికి పట్టేసి, ఆ రాపిడికి పొగ వచ్చిందట. విడదీశాక బండి కదిలింది.

పెద్దమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 ఏప్రిల్ 11 రాత్రి ఈ బాతువ దగ్గరే గువాహటి ఎక్స్‌ప్రెస్ ఆగితే, దిగి పక్క పట్టా మీదికి వెళ్లినవాళ్లని కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. ఐదుగురు పోయారు. అంతకుముందు 2013 నవంబరు 2న, రేపు దీపావళి అనగా, రాయగడ లైన్లో గొట్లాం దగ్గర బొకారో ఎక్స్‌ప్రెస్‌లో నిప్పంటుకుందని పుకారు లేచింది. దూకినవాళ్ల మీదికి ఎదురుగా పాసింజరు వచ్చేసింది. నిప్పు లేనే లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవుతుంది.

మా ఊళ్లో 2015 పుష్కరాల మొదటిరోజు ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగినప్పటి నుంచి అమ్మ గుంపంటేనే బెదిరిపోతుంది. ఈ పెద్దమ్మని చూశాక ధైర్యం వచ్చిందో ఏమో, మిగతా దారంతా కబుర్లు చెబుతూనే ఉంది.

ఆమదాలవలసలో ఆటోవాళ్లు అరసవల్లికి నాలుగు వందలు అడిగారు. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, ఊరేమో అక్కడెక్కడో. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాం.

గుడి దగ్గర లైను బయటిదాకా ఉంది. అమ్మని కడ్డీలకి ఆనుకుని కాకుండా కాస్త ఎడంగా నిలబెట్టాను. వెనకనుంచి తోపు వస్తే ఎదురు నెట్టొద్దని, మోచేతులు మడిచి ఛాతీ ముందు పెట్టుకుంటే ఊపిరి ఆడుతుందని, చెప్పో సంచో జారినా వంగొద్దని చెప్పాను. అమ్మ అన్నీ విని, మా ముందున్న బాలింతకి కూడా అవే మాటలు చెప్పి, ఆమె సంచి తను అందుకుంది.