మామిడి రసం తినేసిన బండి

2025 జూన్‌లో అద్దె పికప్‌కు తోతాపురి కాయ ఎత్తుకొని గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు, ఒక పగలు పడున్నాను. ఆ సీజన్‌లో కిలోకు 12 రూపాయలని చెప్పారు. అందులో 8 ఫ్యాక్టరీది, 4 ప్రభుత్వానిది. సరే, బాగానే ఉంది. కానీ కాయ దిగేలోపు డ్రైవరు వెయిటింగ్ లెక్క కట్టాడు. బాడుగ, వెయిటింగ్ కలిపితే ఫ్యాక్టరీ ఇచ్చే దాంట్లో సగం వాడికే పోయింది. అతన్ని తప్పుపట్టడానికి లేదు, బండి నిలబడితే అతని కిస్తీ నిలబడదు కదా. సొంత బండి అయితే లైన్‌లో ఎన్నాళ్ళున్నా ఎవరికీ లెక్క చెప్పే పని ఉండదు. ఆ రాత్రి లైన్‌లో దోమలు కొట్టుకుంటూ అనుకున్న మాట అది.

ఆగస్టులో చిత్తూరు పక్కనే ఒక బొలెరో పికప్ దొరికింది. 2014 మోడల్, ఏపీ 03 నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి మా జిల్లాలో 03 ప్లేటు చూస్తేనే బండి వయసు తెలిసిపోతుంది. 2 లక్షల 70 వేలకు తెగింది. ఇంజిన్ 2523 సీసీ డీజిల్. నాకు తెలిసిన మెకానిక్ భాయ్‌ను వెంట తీసుకెళ్ళాను. ఆయన ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఆయిల్ పోసే మూత తీసి, దాన్నే తలకిందులుగా రంధ్రం మీద పెట్టాడు. ఇంజిన్ లోపల అరిగి ఉంటే పొగ పైకి తన్ని మూతను ఎగరేస్తుంది. మూత కొంచెం వణికింది గానీ ఎగిరి పడలేదు. "బ్యాక్ కంప్రెషన్ లేదన్నా, ఇంకో రెండేండ్లు ఇంజిన్ ముట్టుకోబల్లే" అన్నాడు. అదే ధీమాతో అడ్వాన్స్ ఇచ్చేశాను.

టైర్ల దగ్గర మాత్రం మోసపోయాను. బటన్, అంటే టైరు మీది గాళ్ళ మందం, ఎంత బాగుందో అని మురిసిపోయా. ఇంటికొచ్చాక పక్కన ఉన్న నాలుగంకెలు చూస్తే 1917, అంటే 2017లో 19వ వారం తయారైన టైరు. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. ఎనిమిదేళ్ళ టైరుకు అంత బటన్ ఎట్లా ఉంటుంది? పాత టైరు మీద కొత్త రబ్బరు అతికించి, అంటే రీబటన్ వేయించి అమ్మారు. పక్క గోడల మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు. వెనక రెండూ మార్చక తప్పలేదు.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. పాత ఓనరు మీద ఫైనాన్స్ ఉండింది, తీరిపోయిందన్నాడు. తీరితే చాలదు, ఫైనాన్స్ వాళ్ళు బాకీ లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ఆర్‌సీలో వాళ్ళ పేరు తీయించాలి. అది చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇచ్చాను. పేరు మార్పుకు కావలసిన 29, 30 ఫారాల మీద సంతకాలు అదే రోజు పెట్టించుకున్నాను. కొన్నవాడు 30 రోజుల్లోపు పేరు మార్పుకు పెట్టుకోవాలి, ఇన్సూరెన్స్‌కైతే 14 రోజులే.

అసలు కథ కాట్పాడి రోడ్డులో టింకరింగ్ షెడ్డులో మొదలైంది. తొట్టిలో అడుగున నల్లటి రబ్బరు మ్యాట్ వేసి ఉంది, చూడ్డానికి నీట్‌గా. మేస్త్రీ ఒక మూల పట్టుకొని లాగాడు. వాసన! పులిసిపోయిన మామిడిపండు, తుప్పు కలిసిన వాసన. బండి పది సీజన్లు తోతాపురి తోలినట్టుంది. చితికిన కాయ రసం మ్యాట్ కిందికి జారి, అక్కడే పులిసి, ఎండి, మళ్ళీ తడిసి, రేకును తినేసింది. మేస్త్రీ స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే అప్పడంలా విరిగి అటువైపు నేల కనిపించింది. ఆయన పక్కన పొడిచాడు, అక్కడా అంతే. నా ముఖం చూసి, "భయపడబాకప్పా, చాసిస్ బాగుంది. పైనున్నది పోతే పోయింది" అన్నాడు. అయినా బండినంతా మోసే ఆ చాసిస్ చట్రాన్ని కింద పడుకొని టార్చితో చూశాను. రేకు కింద అడ్డంగా ఉండే బార్లలో రెండు పొరలు పొరలుగా ఊడొస్తున్నాయి. చాసిస్ పట్టీల మీద పైపైన తుప్పే.

అప్పటిదాకా మా తమ్ముడి ప్లాను వేరు. ముందు ఎల్‌ఈడీ బారు, గాలి హారను, బండిని ఎత్తు లేపడం, తొట్టి గోడలు అడుగున్నర పెంచడం. ఫోన్‌లో ఫోటోలు కూడా పెట్టుకున్నాడు. నాకూ ఆశ లేకపోలేదు, అబద్ధమెందుకు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ముందు బంపరుకు పాత ఓనరు బిగించిన పెద్ద బుల్ బారు ఉండింది. అలాంటివి తీయించమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. దాన్ని కోయించి పాతినుముకు తూకం వేస్తే టీ ఖర్చులకు వచ్చింది. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అడుగు రేకు దగ్గర మేస్త్రీకీ నాకూ పెద్ద వాదన. ఆయన 5 ఎం.ఎం. చెకర్ షీటు (జారకుండా పైన గీతలుండే ఇనుప రేకు) అన్నాడు, "మీ మనవడు కూడా తోలతాడు." నేను ఫోన్‌లో లెక్క తీశాను. ఇనుము 1 ఎం.ఎం. మందం ఉంటే చదరపు మీటరుకు 7.85 కిలోలు. మా తొట్టి నాలుగు చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. 3 ఎం.ఎం. అయితే దాదాపు వంద కిలోలు, 5 అయితే 170. ఆ తేడా 70 కిలోలు. అంటే 20 కిలోల క్రేట్లు మూడున్నర. ఆర్‌సీలో లోడుతో కలిపి ఎంత బరువుండాలో రాసే ఉంటుంది, ఇనుము పెరిగితే కాయ తగ్గాలి. ప్రతి ట్రిప్పుకూ మూడున్నర క్రేట్ల ఇనుము ఊరికే మోయడమెందుకు? 3 ఎం.ఎం.కే ఒప్పించాను. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టకు (స్ప్రింగు పట్టీల కట్ట) ఇంకో పట్టీ వేద్దామని కూడా అన్నాడు. వద్దన్నాను. పట్టీ ఎక్కువైతే ఖాళీగా పోయేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది, లోడులో బేనీషా (బంగినపల్లి) ఉంటే కింద వరుస కాయ కమిలిపోతుంది. విరిగిన ఒక పట్టీ మార్చి, బుష్షులు కొత్తవి వేయించి వదిలేశాం. వెనక డోరు మాత్రం చెన్నై పుదుప్పేటలో పాతది దొరికింది, బస్సు మీద వేయించుకొని వచ్చాను.

నేను కావాలని అడిగి చేయించుకున్న మార్పు ఒక్కటే. అడుగున నాలుగు మూలలా రంధ్రాలు పెట్టించి, వాటికి జానెడు పైపు ముక్కలు వెల్డింగ్ చేయించాను, రసం చాసిస్ మీద పడకుండా పక్కకు కారిపోయేలా. మేస్త్రీ నవ్వాడు. "బండికి బాత్‌రూమ్ పెట్టిస్తావా ఏంది?"

ఇంజిన్ బాగుందన్న భాయ్ మాట నిజమే గానీ రేడియేటర్ సంగతి ఎవరూ చూడలేదు. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పాకడం మొదలుపెట్టింది. పక్కకు ఆపి, చల్లారేదాకా కూర్చొని మూత తీస్తే టీ డికాక్షన్ రంగు నీళ్ళు. కూలెంట్ అనేదే లేదు, ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే పోశారు. మా వైపు బోరు నీళ్ళతో ఇంట్లో గిన్నెలకే తెల్లగా పట్టేస్తుంది, రేడియేటర్ గొట్టాలకు పట్టదా? విప్పి శుభ్రం చేయించి, హోస్‌లు మార్చి, కూలెంట్ పోయించాను. మళ్ళీ అదే ఘాట్ ఎక్కాను, ముల్లు మధ్యలోనే నిలిచింది.

ఎనిమిదేళ్ళు దాటిన లోడు బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. వెనక ఎర్ర, పక్కల పసుపు, ముందు తెల్ల రిఫ్లెక్టర్ టేపులు అంటించి, లైట్లన్నీ చూసుకొని ధైర్యంగా పోయాను. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే అంకెలు పడాలి. మొదటి మూడు, ఎంఏ1 అని పడ్డాయి. మిగతా 14 చోట్ల నల్లటి మరక. పెయింటరు చాసిస్‌కు నలుపు కొట్టేటప్పుడు నంబరు మీద కూడా రెండు కోట్లు పట్టించేశాడు. నాకు చెమటలు పట్టాయి. ఉప్పు కాగితంతో రుద్దితే గీతలు పడి నంబరు దిద్దినట్టు కనిపిస్తుందని భాయ్ ఫోన్‌లో గట్టిగా హెచ్చరించాడు. థిన్నర్, పాత టూత్‌బ్రష్ తెచ్చుకొని ఎండలో బండి కింద పడుకొని గంటన్నర తోమాను. అంకె తర్వాత అంకె తేలుతుంటే లాటరీ నంబరు చూసినట్టే ఉండింది. ఎఫ్‌సీ మరుసటి రోజుకు అయింది. మీరు చాసిస్‌కు పెయింట్ వేయిస్తుంటే ముందే నంబరు మీద గ్రీజు పూసి టేపు అంటించండి.

రిపేర్లన్నీ కలిపి లక్షా 35 వేలు అయింది. నాయనకు లక్ష అని చెప్పాను.

కాణిపాకంలో పూజ చేయించి ఇంటికి తెచ్చిన సాయంత్రం నాయన బండి చుట్టూ ఒక తిప్పు తిరిగాడు. కొత్త పెయింట్ గురించి ఏమీ అనలేదు. తొట్టిలోకి ఎక్కి, "నీళ్ళు తేరా" అన్నాడు. బకెట్ నీళ్ళు పోశాం. మూడు పైపుల నుంచి సన్నగా కారిపోయాయి, డ్రైవరు వైపు వెనక మూలలో మాత్రం అరచేతంత మడుగు నిలబడింది. రంధ్రం పెట్టింది పల్లం కంటే రెండంగుళాలు ఇవతల. నాయన ఆ మడుగులో వేలు ముంచి చూపించి, "ఇంత డబ్బు పెట్టి ఈడ చూసుకోలేదు" అన్నాడు. మర్నాడు డ్రిల్లింగ్ మిషను అడుక్కొచ్చి అక్కడ ఐదో రంధ్రం పెట్టాను.