స్కోపింగ్ రివ్యూకు ప్రశ్న రాసుకునే ముందు: ఉద్దానం కిడ్నీ వ్యాధి ఉదాహరణగా

ఉద్దానం కిడ్నీ వ్యాధి మీద స్కోపింగ్ రివ్యూ (ఒక అంశంపై జరిగిన పరిశోధనలను సేకరించి, వాటి తీరుతెన్నులను చూపే సమీక్ష) చేయాలనుకునేవారికి ముందుగా తోచే ప్రశ్న, "ఈ జబ్బుకు కారణమేమిటి?" అన్నదే. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇన్ని కుటుంబాలను కుంగదీసిన జబ్బు గురించి ఆ ప్రశ్న రావడం సహజమే. అయితే స్కోపింగ్ రివ్యూ దానికి జవాబు ఇవ్వజాలదు. ఇప్పటిదాకా ఏ కారణాలను, ఎవరిలో, ఏ పద్ధతిలో పరిశీలించారో, ఏ వైపు చూపు సరిగ్గా పడలేదో తేల్చి చెప్పడం వరకే దాని పని. కాబట్టి "కారణమేమిటి" అన్న ప్రశ్నను "ఏయే కారణాలను ఎలా పరిశోధించారు" అని మార్చుకోవాలి.

స్కోపింగ్ రివ్యూలకు 2005లో ఆర్క్‌సీ, ఓమాలీ అనే పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతిలో ప్రశ్నను నిర్ణయించుకోవడమే మొదటి దశ. ఆ ప్రశ్నను జనాభా (ఎవరిలో), భావన (ఏ అంశం), సందర్భం (ఎక్కడ) అని మూడు భాగాలుగా విడదీసి చూడమని, ఇలాంటి సమీక్షలకు పద్ధతులు రూపొందించే జేబీఐ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి.

ఈ మూడింటిలో జనాభా దగ్గరే ఎక్కువ ఆలోచించవలసి వస్తుంది. మధుమేహం, అధిక రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేకుండా వచ్చే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అని నిర్వచనం రాసుకున్నామనుకుందాం. కిడ్నీ దెబ్బతింటే రక్తపోటు దానంతటదే పెరుగుతుంది కనుక, రక్తపోటు ఉన్నవారందరినీ తీసేస్తే అసలు రోగులే కొందరు జారిపోతారు. దీర్ఘకాలికం అనాలంటే లోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. గ్రామాల్లో చేసే సర్వేల్లో మాత్రం కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్‌ను రక్తంలో ఒక్కసారే పరీక్షించి ఊరుకోవడం మామూలు. అలాంటి అధ్యయనాలను తోసిపుచ్చకుండా, ఎవరు ఏ నిర్వచనం వాడారన్నదాన్నే ఒక ఉపప్రశ్నగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

భావన కింద భూగర్భజలంలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేస్తూ ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రల వాడకం వంటి అనుమానిత కారణాలన్నీ వస్తాయి. సందర్భం ఉద్దానమే. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఇలాంటి వ్యాధే ఉన్నా, వాటినీ కలిపితే అది వేరే రివ్యూ అవుతుంది.

ఇంత అయ్యాక లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయవచ్చు: "ఉద్దానం ప్రాంతంలోని పెద్దలలో, కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి సంబంధించి పరిశోధకులు పరిశీలించిన కారకాలను, వాడిన నిర్వచనాలను, కొలత పద్ధతులను క్రోడీకరించడం." శీర్షిక, లక్ష్యం, ప్రశ్నలు మూడూ ఇదే మాట చెప్పాలి. శీర్షికలో ఉద్దానం అని, ప్రశ్నలో కోస్తాంధ్ర అని రాస్తే వ్యాసాల ఎంపికలో ఇద్దరు సమీక్షకులు చెరో దారి పడతారు.

సమీక్షలను ముందుగా నమోదు చేసే ప్రాస్పెరో అనే రిజిస్ట్రీలో స్కోపింగ్ రివ్యూలను నమోదు చేయరు కనుక ప్రోటోకాల్‌ను, అంటే సమీక్ష ప్రణాళికను, ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే వెబ్‌సైట్‌లో పెట్టవచ్చు. చదివేకొద్దీ ప్రశ్నకు మెరుగులు దిద్దుకునే వెసులుబాటు ఈ పద్ధతిలో ఉంది. ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు చేశారో మాత్రం ప్రోటోకాల్‌లో తేదీతో సహా రాసి ఉంచాలి.