అన్ని టీకాలూ వేయించాం, అయినా మా పండుకి కెన్నెల్ కాఫ్ వచ్చింది

కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను. సంక్రాంతికి ఊరెళ్తూ కుక్కని బోర్డింగ్‌లో వదిలి, వచ్చాక దగ్గుతో ఇంటికి తెచ్చుకున్నవాళ్లు హైదరాబాదులో నేనొక్కదాన్నే కాదు. "టీకా వేయించారా?" అని వాళ్లందరినీ అడిగే ఉంటారు. నన్ను మాత్రం నలుగురి ముందు నిలబెట్టి, వేయించలేదని తేల్చేశారు.

పండు మా లాబ్రడార్. పిల్లగా ఇంటికొచ్చిన నాటి నుంచి వాడి టీకాల పుస్తకంలో ఒక్క తేదీ తప్పలేదు. ఏటా నైన్ ఇన్ వన్ (పలు రోగాలకి కలిపి వేసే ఒకటే టీకా), ఏటా యాంటీ రేబీస్. బోర్డింగ్ వాళ్లు తప్పనిసరి అన్నారని నవంబరులో కెన్నెల్ కాఫ్‌కి, అంటే కుక్క నుంచి కుక్కకి అంటుకునే దగ్గుకి, ముక్కులో వేసే టీకా చుక్కలు కూడా వేయించాం. సీసా మీద నుంచి తీసి అంటించిన స్టిక్కరు, దాని మీద బ్యాచ్ నంబరు, పక్కన డాక్టరు గారి సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో మనుషుల ఆస్పత్రి కాగితాలు కూడా ఇంత పద్ధతిగా ఉండవు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మాది నిజాంపేట, అత్తగారి ఊరు భీమవరం దగ్గర. కుక్కని రైల్లో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే దొరకాలి, లేదంటే బ్రేక్‌వ్యాన్‌లో పెట్టెలో పెట్టి పంపాలి. పండగ రోజుల్లో మొదటిది దొరకదు, రెండోదానికి నాకు మనసొప్పదు. అందుకని భోగి ముందు రోజు బోర్డింగ్‌లో వదిలి, ముక్కనుమ దాటాక తెచ్చుకున్నాం. అద్దాల తలుపులు, ఏసీ హాలు, ఫోన్లో ఎప్పుడైనా చూసుకునే కెమెరా. అంతా బాగుందనే అనిపించింది.

ఇంటికొచ్చిన కొద్ది రోజులకి ఒక రాత్రి మొదలైంది. బాతు అరిచినట్టు పొడి దగ్గు, ఆగకుండా. చివర్లో ఓకరింత, నోటి నుంచి తెల్లటి నురగ. మాతోపాటు వచ్చిన మా అత్తయ్య, "అమ్మాయ్, బొమికేదో గొంతులో ఇరుక్కుంది, అన్నం ముద్ద పెట్టు" అన్నారు. చేపముల్లు గుచ్చుకుంటే ఉత్త అన్నం ముద్ద మింగించడం మా గోదావరి వైపు అందరికీ అలవాటే. కెన్నెల్ కాఫ్‌ని మొదటిసారి చూసేవాళ్లెవరైనా అలాగే అనుకుంటారట. పండు ముద్ద హాయిగా మింగేశాడు, తోక ఊపాడు, మళ్లీ దగ్గాడు. ఆ దగ్గుని ఫోన్లో వీడియో తీశాను. మీరూ తప్పకుండా తీయండి. ఇంట్లో రాత్రంతా దగ్గిన కుక్క డాక్టరు బల్ల మీద బుద్ధిగా కూర్చుంటుంది.

డాక్టరు గారు వీడియో విన్నారు, గొంతు మీద వేళ్లతో మెల్లగా నొక్కారు. వెంటనే దగ్గు వచ్చింది. జ్వరం లేదు, ఊపిరితిత్తుల్లో శబ్దం లేదు, తిండి తింటున్నాడు. ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. "టీకా వేయించాం కదండీ" అన్నాను. ఆయన విసుక్కోకుండా వివరంగా చెప్పారు. కెన్నెల్ కాఫ్ ఒక్క క్రిమి వల్ల వచ్చేది కాదు. బోర్డెటెల్లా అనే బాక్టీరియా ఉంది, పారాఇన్‌ఫ్లుయెంజా, ఎడినో వైరస్‌లున్నాయి, వీటితో పాటు కుక్కల్లో శ్వాసకి సంబంధించిన కరోనా వైరస్, మైకోప్లాస్మా కూడా ఉన్నాయి. నైన్ ఇన్ వన్‌లో ఎడినో, పారాఇన్‌ఫ్లుయెంజా ఉంటాయి గాని బోర్డెటెల్లా ఉండదు. అది వేరేగా వేయించాలి, ముక్కు చుక్కలు అందుకే. చివరి రెండిటికీ మనం వేయించే టీకాల్లో రక్షణ లేదు. బోర్డెటెల్లా విషయంలోనైనా టీకా రోగాన్ని పూర్తిగా అడ్డుకోదు, తీవ్రత తగ్గిస్తుంది. ఆ క్రిమి శ్వాసనాళం లోపలి సన్నటి కేశాలకి అతుక్కుని వాటిని కదలనివ్వకుండా చేస్తుంది, కఫం బయటికి పోదు, దగ్గు వస్తుంది. మన పిల్లలకి వచ్చే కోరింత దగ్గు క్రిమి దీనికి చుట్టమేనట. "టీకా వేయించారు కాబట్టే వీడు ఇంత హుషారుగా ఉన్నాడమ్మా" అన్నారాయన. క్లినిక్ నుంచి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని బయటికొచ్చాను.

బయటికి రాగానే బోర్డింగ్‌కి ఫోన్ చేశాను. డబ్బు అడగడానికి కాదు, తగువు పెట్టుకోవడానికీ కాదు. అక్కడ ఇంకా కుక్కలున్నాయి, వాటి యజమానులకి చెబుతారని. ఎత్తినవాడు "సరే మేడమ్" అని పెట్టేశాడు. ఆ సాయంత్రం వాళ్ల కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో పండు ఫొటో పెట్టి, టీకాలు సరిగా లేని ఈ కుక్క వల్ల ఇన్‌ఫెక్షన్ వచ్చిందని, అందరూ జాగ్రత్తగా ఉండాలని రాశారు. దాని కింద ముక్కూమొహం తెలియనివాళ్లు మా గురించి రాసిన మాటలు ఇక్కడ రాయలేను.

మర్నాడు టీకాల పుస్తకం పట్టుకుని వెళ్లాను, అత్తయ్య కూడా వచ్చారు. గేటు దగ్గరే ఆపేశారు. పనిచేసే కుర్రాడు సీసాతో వచ్చి మా చెప్పుల మీద, చేతి సంచి మీద మందు కొట్టాడు. పండుని తీసుకురాలేదని చెబుతున్నా ఆగలేదు. లోపల పొమెరేనియన్‌ని ఎత్తుకుని నిలబడ్డావిడ నన్ను చూసి వెనక్కి జరిగింది. నా పెళ్లయిన దగ్గర్నుంచి మా అత్తయ్యని ఎవరూ గుమ్మం బయట నిలబెట్టగా నేను చూడలేదు. ఆ రోజు ఎండలో నిలబెట్టారు.

యజమాని వచ్చి పుస్తకం తిరగేశాడు. "మేడమ్, చుక్కలు వేసుంటే దగ్గు రాదు. వచ్చిందంటే వేయించలేదన్నమాట. ఈ స్టిక్కర్లు ఎవరైనా అంటిస్తారు." ఆ మాట అందరికీ వినబడేలాగే అన్నాడు. డాక్టరు గారు చెప్పిందంతా చెప్పబోయాను. ఇరవై ఏళ్లుగా కుక్కలతో ఉన్నానంటాడే తప్ప ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వలేదు. ఆ పుస్తకం మీద సంతకం పెట్టిన మనిషి పశువైద్య పట్టా ఉన్న డాక్టరు. ఆయన్నీ నన్నూ కలిపి అబద్ధాలకోరుల్ని చేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పండక్కి ఊళ్లో ఉండగా పండుని చూసుకోవాలనిపించి వాళ్ల కెమెరా పెట్టుకుని, భోగి రోజు కొంత రికార్డు చేసుకున్నాను. తీసి వినిపించాను. పండు పడుకుని ఉన్నాడు. వాడి వెనక గదుల వరసలోంచి అదే దగ్గు, అదే ఓకరింత. ఈ రోగం అంటుకున్నాక బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. వాడు అక్కడ అడుగుపెట్టిన మర్నాటికే ఇంకో కుక్క అలా దగ్గుతోందంటే, అది వాడి నుంచి వచ్చింది కాదు.

"అది నీళ్లు తాగుతూ పొలమారింది మేడమ్" అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

"దగ్గే కుక్కని తీసి వేరే గదిలో పెట్టలేకపోయావా నాయనా?" అని అత్తయ్య అతని వెనక నుంచి అడిగారు. జవాబు లేదు. ఆ రాత్రి గ్రూపులో పండు ఫొటో తీసేశారు. ఒక్క మాట క్షమాపణ లేదు. నన్ను గ్రూపులోంచి తొలగించారు.

మూగజీవాల మీద బతికేవాళ్లకి కాస్తయినా భయభక్తులుండాలి. పండగ రష్ కోసం గదులు కిక్కిరిసేలా నింపి, తలుపులన్నీ బిగించి ఒకటే ఏసీ గాలి తిప్పితే, దగ్గిన తుంపరలు ఎక్కడికి పోతాయి? అవే గిన్నెలు, అదే కుర్రాడి చేతులు అన్ని గదులకీ. టీకా ఎంత మంచిదైనా దాన్ని అంత దూరం పరీక్షించకూడదు. నా మాట వింటే అద్దాల హాళ్లకి మురిసిపోకండి. కిటికీలుండి గాలి ఆడే రేకుల షెడ్డయినా నయం. దగ్గే కుక్క వస్తే ఎక్కడ పెడతారని ముందే అడగండి. జవాబు తడబడితే అడ్వాన్సు ఇవ్వకండి.

ఆ తర్వాత వైద్యం పెద్ద కష్టం కాలేదు. మొదట విశ్రాంతి చాలన్నారు, మామూలుగా ఒకటి నుంచి మూడు వారాల్లో అదే తగ్గుతుందట. మధ్యలో ముక్కు నుంచి పచ్చటి చీమిడి వచ్చి తిండి తగ్గేసరికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆ మాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టకండి. పాలు, పెరుగులోని కాల్షియం మందుని ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఉత్త అన్నంలో, చికెన్‌లో పెట్టి, వెంటనే నీళ్లు తాగించాలి, లేదంటే గొంతులో ఇరుక్కుని పుండు పడొచ్చు. మెడ బెల్టు తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ కొన్నాం, గొంతు మీద ఒత్తిడి పడకుండా. బాత్రూంలో వేడినీళ్ల ఆవిరి పట్టి వాడితోపాటు నేనూ కూర్చునేదాన్ని. ఇంట్లో ఉన్న మనుషుల దగ్గు సిరప్ మాత్రం చేతిలోకి కూడా తీసుకోకండి. కొన్నిట్లో ఉండే పారాసెటమాల్, జైలిటాల్ (పంచదార బదులు వాడే తీపి) కుక్కలకి విషం.

అపార్ట్‌మెంట్‌లో నురగ చూసి పిచ్చికుక్క అన్నవాళ్లున్నారు. యాంటీ రేబీస్ పేజీ వాచ్‌మన్‌కి చూపించి, ఫొటో అసోసియేషన్‌కి పంపితే సర్దుకుంది. మేమే లిఫ్టు మానేసి, తెల్లవారకముందు మెట్ల మీద దింపి, వీధికుక్కలు లేని వైపు తిప్పాం. వాటికెవరు మందులు వేస్తారు? వాటికి అంటించే హక్కు మనకి లేదు.

ఇప్పుడు పండు బాగానే ఉన్నాడు. పొద్దున్నే నీళ్లు తాగాక ఒకటి రెండుసార్లు దగ్గుతాడు, అంతే. దగ్గు పూర్తిగా తగ్గాక కూడా కొన్ని వారాలు క్రిమి బయటికి రావచ్చని, మిగతా కుక్కలతో అప్పుడే కలపొద్దని డాక్టరు గారు చెప్పారు. పక్క బ్లాకు బీగిల్ వాళ్లు పిలుస్తున్నా వెళ్లడం లేదు. వచ్చే ఏడు చుక్కలు మళ్లీ వేయిస్తాను, బోర్డింగ్‌కి కనీసం మూడు వారాల ముందు. చుక్కల్లోని పారాఇన్‌ఫ్లుయెంజా భాగం పనిచేయడానికి అంత సమయం పడుతుంది. టీకా దండగ అని ఇది చదివి ఎవరూ మానేయొద్దు.

వేసవికని ఆ బోర్డింగ్‌లో ముందే కట్టిన అడ్వాన్సు ఇంకా తిరిగి ఇవ్వలేదు. రెండుసార్లు మెసేజ్ పెట్టాను, చూశారు, జవాబివ్వలేదు. సోమవారం అత్తయ్యా నేనూ మళ్లీ వెళ్తున్నాం.