బోనస్‌గా వచ్చిన వోచర్లను డబ్బు చేసుకున్నాను: నా అనుభవం

నిన్న సాయంత్రం నా ఖాతాలో 11,400 రూపాయలు పడ్డాయి. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

ఈసారి మా కంపెనీ దీపావళి బోనస్ డబ్బుగా ఇవ్వలేదు. ఒక పెద్ద బట్టల షోరూం వోచర్లు, ఒక్కోటి 500 చొప్పున 24, కవర్లో పెట్టి చేతికిచ్చింది. నాకిప్పుడు చీరలు అక్కర్లేదు, పాప స్కూలు ఫీజు కట్టాలి. ఏడాదంతా పనిచేసినవాళ్ల బోనస్ ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా యజమానే నిర్ణయించడం అన్యాయం. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

వీటితో పాటు వచ్చిన ఆన్‌లైన్ గిఫ్ట్ కార్డుతో ఇబ్బంది లేదు. బియ్యం, నూనె, పప్పులు దాంతో తెప్పించి, సరుకులకని తీసిపెట్టిన డబ్బు మిగుల్చుకున్నాను.

కాగితం వోచర్లు పట్టుకుని విజయవాడలోనే ఉన్న ఆ షోరూంకి వెళ్లాను. కొంత తగ్గించుకునైనా డబ్బిస్తారా అని డెస్కులో అమ్మాయిని మెల్లగా అడిగాను. ఆ అమ్మాయి ఫ్లోర్ మేనేజర్‌ని పిలిచింది. ఆయన వోచర్ వెనక్కి తిప్పి, నగదుగా మార్చబడదన్న లైను అందరికీ వినబడేలా చదివాడు. "ఇది షాపు మేడమ్, బ్యాంకు కాదు. ఊరికే వచ్చినవాటికి కూడా డబ్బులడిగితే ఎలా?" అన్నాడు. సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా నావైపు తిరిగారు. ఊరికే రాలేదండీ, మా కష్టానికి వచ్చాయి, మా కంపెనీ మీకు డబ్బు కట్టే తీసుకుంది అన్నాను. వినిపించుకోకుండా వెళ్లిపోయాడు.

పోనీ అని బిల్లింగ్ దగ్గర ఒకావిడను అడిగాను. నా వోచర్లు ఆమె బిల్లుకు వాడుకుని నాకు డబ్బిస్తే చాలు, షాపుకు పైసా నష్టం లేదు. ఆవిడ సరేనంటుండగానే సెక్యూరిటీ అతను మధ్యలోకి వచ్చి, "అమ్మా, ఇక్కడ ఇలాంటివి చేయకూడదు, బయటికి రండి" అని చెయ్యి గుమ్మంవైపు చూపించాడు. నేను దొంగనోట్లు మారుస్తున్నట్టు ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. మా తమ్ముడి పెళ్లి బట్టలన్నీ కొన్నది ఆ షాపులోనే. మెట్లు దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

నగదు ఇవ్వాల్సిన బాధ్యత షాపుకు లేదు, ఒప్పుకుంటాను. ఒక షాపు తన దగ్గరే చెల్లేలా ఇచ్చే వోచర్లకు నగదు తీసుకునే వీలుండదని రిజర్వ్ బ్యాంకు 2021 మార్గదర్శకాల్లోనే ఉంది. దానికీ మనిషిని నలుగురిలో నిలబెట్టి అవమానించడానికీ సంబంధమేంటి? బ్యాంకులు జారీ చేసే గిఫ్ట్ కార్డుల సంగతి వేరు. ఒక్కోటి 10,000 మించకూడదు, కనీసం ఏడాది గడువుండాలి. వాటికీ నగదు రాదు గానీ, మీరు ఒప్పుకుంటే సొమ్మును ఏ ఖాతా నుంచి కార్డులో వేశారో ఆ ఖాతాకే తిరిగి పంపే వీలుంది. ఇచ్చింది అన్నయ్యో మేనమామో అయితే వాళ్ల దగ్గర్నుంచి తీసుకోవచ్చు.

తర్వాత ఒక సెల్‌ఫోన్ షాపతను మొత్తానికి 8,400 ఇస్తానన్నాడు. ఇవ్వనన్నాను. ఆన్‌లైన్‌లో ఒకతను ముందు నంబరు గీకి ఫోటో పంపమన్నాడు. ఎవరైనా అలా అడిగితే మాట్లాడటం అక్కడే ఆపేయండి. నంబరు, పిన్ చేతికి వచ్చాక వాడుకోవడానికి వాళ్లకు కాగితంతో పనిలేదు.

చివరికి దారి చూపింది మా బ్లౌజులు కుట్టే ఆవిడ. "అక్కా, మా వీధిలోవాళ్లది మార్గశిరంలో పెళ్లి, బట్టలకు ఆ షాపుకే వెళ్తున్నారు, అడిగి చూడరాదూ?" అంది. నూటికి అయిదు తగ్గించి ఇస్తానంటే పెళ్లికూతురి తల్లి వెంటనే ఒప్పుకుంది. ఈసారి తలెత్తుకుని వాళ్లతోనే లోపలికి వెళ్లాను. ఒక బిల్లుకు ఇన్ని వోచర్లే అని పరిమితి ఉంటే బిల్లులు విడగొట్టించుకున్నాం. వోచర్లన్నీ చెల్లాయని తేలాక ఆవిడ అక్కడే ఫోన్‌లో డబ్బు వేసింది. నూటికి తొంభై అయిదు రాబట్టడం మా ఆఫీసులో ఇంకెవరివల్లా కాలేదు.

మీ దగ్గరా ఇలాంటివి ఉంటే గడువు తేదీ, ఒక బిల్లుకు ఎన్ని వాడొచ్చో, ఆఫర్ సరుకుకు చెల్లుతాయో లేదో ముందే చూసుకోండి. తర్వాత పెళ్లి పనులున్న ఇల్లు వెతకండి, టైలర్లకు తెలియని పెళ్లి ఉండదు. వచ్చే ఏడాది బోనస్ జీతంతోనే వేయమని హెచ్చార్‌కి ఈ ఉదయం మెయిల్ పెట్టాను. మా సెక్షన్‌వాళ్లు కూడా పెడతామన్నారు.