గోడకు ఎక్కించే ముందు రోజు

ఈ రోజంతా ఒకే పనిలో గడిచింది. నాన్నగారి బల్ల మీద ఆరేళ్లుగా నిలబడి ఉన్న ఆల్ ఇన్ వన్ కంప్యూటరును గోడకు బిగించాలని పది రోజుల క్రితమే అనుకున్నాం. ఆ బల్ల గోడ నుండి ముందుకు 45 సెంటీమీటర్లే ఉంటుంది. అందులో సగం చోటును స్టాండే తినేయడం వల్ల తెర ఆయన ముఖానికి మరీ దగ్గరగా వచ్చేది, కీబోర్డుకు బల్ల అంచు తప్ప చోటు మిగిలేది కాదు, ఏదైనా రాసుకోవాలంటే కాగితాన్ని ఒళ్లో పెట్టుకోవలసి వచ్చేది. ఈ ఇబ్బంది గురించి ఆయన ఒక్కసారి కూడా నోరు విప్పి చెప్పలేదు. నేనే ఒకరోజు వెనుక నుండి చూసి గమనించాను.

మామూలు మానిటరును గోడకు బిగించడం వేరు, ఆల్ ఇన్ వన్‌ను బిగించడం వేరు. మానిటరు ఉత్త తెర మాత్రమే, ఒకసారి ఎక్కిస్తే దాని వీపుతో మనకు పని ఉండదు. ఆల్ ఇన్ వన్‌లో మదర్‌బోర్డు, ఫ్యాను, ర్యామ్, డిస్కు, స్పీకర్లు అన్నీ ఆ తెర వెనుకే ఉంటాయి. అది గాలి పీల్చుకోవాలి, వేడి గాలిని బయటికి వదలాలి, యుఎస్‌బి రంధ్రాలు చేతికి అందాలి, పవర్ బటన్ తడిమితే దొరకాలి. గోడకు ఎక్కిన తరువాత వీటిలో ఏది మరచిపోయామని గుర్తొచ్చినా మళ్లీ దించవలసిందే కాబట్టి, ఎక్కించడానికి ఒక పూట చాలినా సిద్ధం చేయడానికి మాత్రం పూర్తిగా ఒక రోజు కేటాయించాను.

నాన్నగారి ఫోటోలు, లెక్కలు, ఉత్తరాలన్నిటికీ నిన్న రాత్రే బయటి డిస్కులోకి నకలు తీశాను. ఉదయం కంప్యూటరును ఆపి, తీగలన్నీ ఊడదీసి, లోపల మిగిలిన కాస్త విద్యుత్తు కూడా పోయేలా పవర్ బటన్‌ను పదిహేను సెకన్ల పాటు నొక్కి పట్టుకున్నాను. మంచం మీద అయితే పరుపు కుంగి తెర మధ్యభాగం మీద ఒత్తిడి పడుతుందని భోజనాల బల్లనే ఎంచుకుని, దాని మీద దుప్పటిని నాలుగు మడతలు వేసి పరిచి, తెరను బోర్లా పడుకోబెట్టాను.

"ఏరా, అలా బోర్లా వేశావు, అద్దం మీద గీతలు పడవూ?" అని నాన్నగారు దగ్గరకు వచ్చి అడిగారు.

"దుప్పటిని రెండుసార్లు దులిపి వేశాను నాన్నా, ఇసుక రేణువు కూడా లేదు. మీరూ చేత్తో రాసి చూడండి" అన్నాను. ఆయన నిజంగానే అంచు ఎత్తి, అరచేత్తో అంతా తడిమి చూసి తలూపారు.

స్టాండు మెడ దగ్గరున్న ప్లాస్టిక్ మూత కింది అంచులో గోరు పెట్టి లాగితే టక్కుమని ఊడింది. దాని కింద నాలుగు స్క్రూలు కనిపించాయి. వాటి మధ్య దూరాన్ని స్కేలుతో కొలిస్తే అడ్డంగానూ నిలువుగానూ సరిగ్గా 100 మిల్లీమీటర్లు వచ్చింది. చదునైన తెరలను బిగించడానికి వీడియో ఎలక్ట్రానిక్స్ స్టాండర్డ్స్ అసోసియేషన్, అంటే అందరూ వెసా అని పిలిచే సంస్థ, పెట్టిన కొలత ఇదే. చిన్న తెరలకు 75 మిల్లీమీటర్ల చదరం, మధ్యరకానికి 100 మిల్లీమీటర్ల చదరం, రెండింటికీ ఎం4, అంటే 4 మిల్లీమీటర్ల లావున్న స్క్రూలు వాడతారు. 100 చదరానికి 14 కిలోల వరకు బరువు ఆపవచ్చన్నది ఆ ప్రమాణంలోని హద్దు. స్టాండు తీసేశాక మన కంప్యూటరు ఎంత తూగుతుందో తెలుసుకోవడానికి దాన్ని ఎత్తుకుని బరువు చూసుకునే యంత్రం మీద నిలబడ్డాను. ఇద్దరమూ కలిసి 71.4 కిలోలు తూగితే, నేనొక్కడినే 65.8 వచ్చాను. అంటే యంత్రం బరువు 5.6 కిలోలు కాబట్టి ఆ విషయంలో బెంగ లేదు.

బెంగ మరొకచోట ఎదురైంది. ఆ నాలుగు రంధ్రాలు వీపు ఉపరితలం మీద కాకుండా 9 మిల్లీమీటర్ల లోతున్న ఒక గుంటలో ఉన్నాయి. ఆ గుంట స్టాండు మెడకు సరిపోయేటట్టు చేసింది, దాని వెడల్పు 116 మిల్లీమీటర్లు. మేము తెచ్చుకున్న గోడ బ్రాకెట్టు పలక వెడల్పు 120. నాలుగు మిల్లీమీటర్ల తేడాతో పలక గుంటలోకి దిగదు. దిగని పలకను అలాగే స్క్రూలతో లాగి బిగిస్తే ప్లాస్టిక్ వంగి పగులుతుంది. అందుకే ఒక్కో రంధ్రం మీద 10 మిల్లీమీటర్ల పొడవున్న బోలు స్పేసరును, అంటే ఎడం కోసం పెట్టే చిన్న గొట్టాన్ని నిలబెట్టి, వాటి మీద పలకను ఆనించాను. పలక వీపు మీదికి ఒక మిల్లీమీటరు ఎత్తులో నిలిచింది. ఆ సందు వల్ల వీపు పైభాగంలో ఉన్న గాలి చీలికలు పలక కింద మూసుకుపోలేదు. నాకు అన్నిటికన్నా నచ్చినది అదే.

స్పేసర్లు పెట్టాక పాత స్క్రూలు చాలవు. ఈ పనిలో చాలామంది పొరపడేది స్క్రూ పొడవు దగ్గరే. పొట్టి స్క్రూ రెండు మూడు చుట్లతోనే పట్టుకుని వేలాడుతుంది. పొడవుది రంధ్రం అడుగు దాటి లోపలి బోర్డును పొడుస్తుంది, ఆ రెండో తప్పుకు కంప్యూటరే బలి అవుతుంది. అందుకని ఒక అగ్గిపుల్లను రంధ్రంలో అడుగు తగిలేదాకా నిలువుగా దింపి, అంచు దగ్గర గోటితో నొక్కి గుర్తు పెట్టి, బయటికి తీసి కొలిచాను. నాలుగు రంధ్రాలలోనూ 11 మిల్లీమీటర్లు వచ్చింది. స్పేసరు 10, పలక మందం 2, మొత్తం 12 పోగా 20 మిల్లీమీటర్ల స్క్రూలో 8 మిల్లీమీటర్లు మరలోకి దిగుతుంది, అడుగున ఇంకా 3 మిగులుతుంది. ఎం4 స్క్రూ ఒక చుట్టుకు 0.7 మిల్లీమీటర్లు దిగుతుంది కాబట్టి సుమారు పదకొండు చుట్లు తిరగాలి. మొదటి స్క్రూను స్క్రూడ్రైవరు లేకుండా వేళ్లతోనే తిప్పుతూ లెక్కపెట్టాను. పదకొండో చుట్టు పూర్తయ్యేసరికి తల వచ్చి పలకకు ఆనింది. మిగిలిన మూడింటినీ అలాగే వేళ్లతో దింపి, ఆ తరువాతే స్క్రూడ్రైవరుతో ఎదురెదురు మూలలను కొద్దికొద్దిగా బిగించాను.

వీపు ఎలాగూ తెరిచి ఉన్నప్పుడే లోపలి పనులు కూడా ముగించుకున్నాను. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సిఆర్ 2032 బ్యాటరీకి ఆరేళ్లు నిండాయి, అది ఏ రోజు ఆగిపోయినా దాని కోసం అంత బరువును దించవలసి వస్తుందని ఇప్పుడే మార్చేశాను. ఆ బ్యాటరీ పేరులోనే దాని కొలత ఉంటుంది, 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. ర్యామ్ కూడా 8 నుండి 16 జిబికి పెంచాను. ఫ్యాను రెక్కల మీద బూడిద రంగు దుమ్ము మందమైన పొరలా పేరుకుని ఉంది. బ్లోయరు గాలికి ఫ్యాను అడ్డూఆపూ లేకుండా తిరిగితే బేరింగు పాడవుతుంది కనుక, ఒక రెక్కను వేలితో ఆపి పట్టుకుని మెత్తని బ్రష్షుతో శుభ్రం చేశాను. గోడ మీద పవర్ బటన్ వెనుక పక్కకు పడుతుంది, దాన్ని వెతుక్కునే శ్రమ నాన్నగారికి ఉండకూడదు. అందుకని యంత్రాన్ని మళ్లీ కలిపి ఒకసారి ఆన్ చేసి, కంప్యూటరు మూల అమరికలు ఉండే బయోస్‌లోకి వెళ్లి, కీబోర్డు మీట నొక్కితే కంప్యూటరు లేచేలా అమర్చాను.

మధ్యాహ్నం నుండి గోడ దగ్గర కూర్చున్నాను. మడతలు విప్పుకుంటూ ముందుకు వచ్చే చేతి బ్రాకెట్టు కొందామా అని మొదట్లో ఊగిసలాడాను, అది ఉంటే వెనుక రంధ్రాలు సులువుగా అందుతాయి. కానీ లెక్క వేస్తే మనసు మారింది. 5.6 కిలోల బరువు గోడకు 40 సెంటీమీటర్ల దూరంలో వేలాడితే, నిలువున 20 సెంటీమీటర్ల ఎడంతో ఉన్న గోడ స్క్రూలలో పైవాటి మీద 11 కిలోలకు మించిన లాగుడు పడుతుంది. అదే బరువు గోడకు 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ లాగుడు రెండుంపావు కిలోలే. నాన్నగారు తెరను రోజూ ఇటూ అటూ తిప్పే అవసరం లేదు కాబట్టి పైకీ కిందికీ వంగే పొట్టి బ్రాకెట్టే మేలనుకున్నాం. యుఎస్‌బి కోసం ఒక పొడిగింపు తీగను ముందే వెనుక తగిలించి, దాని కొసను బల్ల అంచు దాకా తెచ్చి పెడతాను.

గోడలో ఏముందో తెలుసుకోవడానికి పాత మేకు ఒకటి ఉపయోగపడింది. దాన్ని పీకి, రంధ్రంలోకి సన్నని స్క్రూడ్రైవరు దూర్చి గీకితే మొదట బూడిద రంగు సిమెంటు పొడి రాలింది, 15 మిల్లీమీటర్ల లోతు దాటగానే ఎర్రటి ఇటుక పొడి రావడం మొదలైంది. పూత మందం పట్టించుకోకుండా, స్క్రూ పట్టు కోసం గోడ రంధ్రంలో దూర్చే ప్లగ్గును పొట్టిది వేస్తే అది సగం పూతలోనే ఉండిపోయి, కొన్నాళ్లకు పూతతో సహా ఊడి వస్తుంది. అందుకే 8 మిల్లీమీటర్ల లావు, 50 మిల్లీమీటర్ల పొడవున్న ప్లగ్గులు సిద్ధం చేశాను, వాటిలో 35 మిల్లీమీటర్లు ఇటుకలోనే ఉంటాయి. రంధ్రం అంతకన్నా కాస్త లోతుగా ఉండాలని డ్రిల్లు బిట్టుకు 60 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టాను. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా, అడ్డంగా పక్కనా తీగల గొట్టాలు వెళ్లే అవకాశం ఉంది, ఆ దారులన్నీ తప్పించి చోటు చూసుకున్నాను.

ఎత్తు నిర్ణయించడానికి మాత్రం సాయంత్రమంతా పట్టింది. తెర పై అంచు కూర్చున్నవారి కంటి మట్టానికి సమానంగా గానీ కొంచెం కిందగా గానీ ఉండాలని అందరూ చెప్పే మాటే. కంప్యూటరు కొలతకు, అంటే 54 సెంటీమీటర్ల వెడల్పు, 36 సెంటీమీటర్ల ఎత్తుకు, ఒక అట్టను కత్తిరించి, వీపున రంధ్రాలు ఎక్కడ ఉన్నాయో అదే చోట అట్టకూ నాలుగు బెజ్జాలు పెట్టాను. అవి అట్ట నడిమధ్యలో లేవు, కొంచెం పైకి ఉన్నాయి. అట్ట లేకుండా మధ్యభాగం లెక్కతో గోడకు గుర్తు పెట్టి ఉంటే తెర అనుకున్నదానికన్నా కిందికి జారేది. తెర మీద నాన్నగారు చదువుకునే అక్షరాల సైజులోనే ఒక పేజీని ముద్రించి అట్ట మీద అంటించి, ఆయన కంటి ఎత్తు 120 సెంటీమీటర్ల దగ్గరకు దాని పై అంచు వచ్చేలా గోడకు టేపుతో అతికించాను.

"కూర్చుని చదవండి నాన్నా, తెరే అనుకోండి" అన్నాను.

ఆయన చదువుతుంటే నేను పక్కకు వెళ్లి చూశాను. రెండో వరుసకు వచ్చేసరికి గడ్డం పైకి లేచింది, మెడ వెనక్కి వాలింది. ఆయనవి ప్రోగ్రెసివ్ కళ్లజోళ్లు. ఆ అద్దంలో పైభాగం దూరానికి, అడుగుభాగం చేతిలోని పుస్తకానికి, కంప్యూటరు దూరంలో ఉన్నవి స్పష్టంగా కనిపించే భాగం ఆ రెంటికీ నడుమ, చూపు కొంచెం కిందికి దిగేచోట ఉంటుంది. తెర కంటికి సూటిగా ఉంటే ఆ భాగంలోంచి చూడడానికి తలను వెనక్కి వంచక తప్పదు. ఇన్నాళ్లూ రాత్రిపూట ఆయన మెడ నొక్కుకుంటూ ఉండడం గుర్తుకొచ్చి నా మనసు చివుక్కుమంది.

అట్టను మూడు సెంటీమీటర్లు దించాను. గడ్డం కొంచెం దిగింది. "ఇంకో రెండు వేళ్లు దించి చూడు" అన్నారు ఆయనే. మొత్తం ఆరు సెంటీమీటర్లు దించేసరికి మెడ నిటారుగా నిలిచింది, అట్ట పైభాగాన్ని కాస్త వెనక్కి వాల్చితే ఇంకా హాయిగా ఉందన్నారు. అయితే ఇప్పుడు కింది అంచుకూ బల్లకూ నడుమ 3 సెంటీమీటర్ల సందే మిగిలింది, చల్లని గాలి లోపలికి పోయే చీలికలు సరిగ్గా ఆ కింది అంచులోనే ఉన్నాయి. ఎత్తు మార్చడానికి ఇక నాకు మనసు రాలేదు. బల్లనే గోడ నుండి 15 సెంటీమీటర్లు ముందుకు జరిపాను. ఆ సందులోంచి గాలి ఆడుతుంది, తీగలు దిగడానికి దారి దొరుకుతుంది, పైగా కంటికీ తెరకూ నడుమ దూరం 50 నుండి 65 సెంటీమీటర్లకు పెరిగింది. పవర్ అడాప్టరు బరువంతా జాక్ మీద వేలాడకుండా, బల్ల వెనుక చిన్న చెక్క పలక ఒకటి బిగించి దాని మీద పెడితే సరిపోతుంది.

బల్ల జరిపిన తరువాత మళ్లీ ఒకసారి కూర్చోమన్నాను. ఈసారి నేను పక్కన రసమట్టం పట్టుకుని అట్ట అంచు సరిగా ఉందో లేదో చూసుకుంటుండగా, ఆయన కళ్లజోడు ఒకసారి తుడుచుకుని చదవడం మొదలుపెట్టి, నేను "చాలు నాన్నా" అన్నా వినకుండా, అట్ట మీద అంటించిన పేజీని ఆఖరి వరుస దాకా చదివారు. గడ్డం కదలలేదు. పెన్సిలును నాలుగు బెజ్జాలలోనూ దూర్చి గోడ మీద గుర్తులు పెట్టాను.