హనోయి రాత్రులలో నీటి బొమ్మలాట

విజయనగరంలో గంటస్తంభం దగ్గర రాత్రిపూట బండ్ల మీద తిని పెరిగిన మాకు వియత్నాం రాజధాని హనోయిలోని పాతపేట వీధులు పరాయివనిపించలేదు. కాలిబాట మీద వేసిన చిన్న ప్లాస్టిక్ పీటల మీద కూర్చుంటే, గిన్నె మూతికి బిగించిన గుడ్డపై పలుచని బియ్యప్పిండి జారు పరచి, ఆవిరికి ఉడికిన పొరను వెదురుపుల్లతో చిరగకుండా లేపి, పంది ఖీమా, పుట్టగొడుగులు పెట్టి చుట్టే బాన్ కువాన్ తయారీని కళ్లారా చూడవచ్చు; మాంసం వద్దన్న మా వదినకు ఉత్త పొరలే ఇచ్చారు. తా హియెన్ వీధిలోని బీరు సందడి మాత్రం నాకు వట్టి గోలగానే తోచింది.

నన్ను కట్టిపడేసింది హోన్ కియెమ్ సరస్సు పక్కనున్న థాంగ్ లాంగ్ రంగశాలలోని నీటి బొమ్మలాట. ఎర్రనది డెల్టాలోని వరి పల్లెలలో పెరిగిన ఈ కళ ప్రస్తావన 1121 నాటి శాసనంలోనే ఉంది. మన తోలుబొమ్మలాటలో తెర మీద నీడలాడితే, ఇక్కడ తెర వెనుక నడుము లోతు నీటిలో నిలబడిన కళాకారులు, నీటి అడుగున దాగిన పొడవాటి కర్రలతో లక్క పూసిన కొయ్యబొమ్మలను ఆడిస్తారు. డ్రాగన్లు మునిగి తేలుతుంటే ముందు వరుసలోని మా మీద తుంపరలు పడ్డాయి. పాటలు అర్థం కాకపోయినా నవ్వుకు కొదవ లేదు. టికెట్లు ముందే కొనుక్కోవడం మేలు. వారాంతపు రాత్రులలో సరస్సు చుట్టూ వాహనాలను ఆపివేస్తారు కనుక, ఆట ముగిశాక నడిరోడ్డు మీదే తీరికగా తిరగవచ్చు.