రెండో ఎత్తులోనే మంత్రి మీదికొస్తే

మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. మొన్న ఆదివారం ఫోన్లో చెస్ ఆడుతూ వరసగా మూడు ఆటలు నాలుగో ఎత్తుకే ఓడిపోయి ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చాడు. మూడింటిలోనూ అవతలివాళ్లది ఒకటే పద్ధతి. వాళ్ల బంటు ఈ4 గడిలోకి (ఈ అంటే నిలువు వరస, 4 అంటే అడ్డం వరస), మనం ఈ5 అనగానే మంత్రి హెచ్5కి. "మామయ్యా, మంత్రిని ముందే తేకూడదని నువ్వే చెప్పావు కదా, మరి వాళ్లెలా గెలుస్తున్నారు?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. బోర్డు పరిచి కూర్చున్నాం. నేను మంత్రిని హెచ్5లో పెట్టగానే, దాన్ని తరిమేద్దామని ఈసారి జీ6 బంటు తోశాడు. ఈ5 బంటుని చెక్‌తో కొట్టాను. అక్కణ్నుంచి మూలనున్న ఏనుగు మీద కూడా గురి ఉంది, రాజుని కాపాడుకునేలోపు ఏనుగు పోయింది. అందుకే ముందు గుర్రం సీ6. ఈ5కి కాపలా, పైగా ఒక గుర్రం బయటికొచ్చింది. ఇప్పుడు బిషప్ సీ4కి వస్తుంది, మంత్రీ బిషపూ రెండూ మన రాజు పక్కనున్న ఎఫ్7 బంటునే చూస్తుంటాయి. మావాడు ఫోన్లో మూడుసార్లూ ఇక్కడే మంత్రిని బెదిరిద్దామని రెండో గుర్రాన్ని ఎఫ్6కి దూకించాడు, వాళ్లు తాపీగా ఎఫ్7 కొట్టి ఆట కట్టేశారు. జీ6 బంటు తోయడానికి సరైన టైమ్ ఇదే. మంత్రి ఎఫ్3కి తగ్గి మళ్లీ ఎఫ్7కే గురిపెడితే, అప్పుడు గుర్రం ఎఫ్6 అడ్డం. వాళ్ల మంత్రి రెండుసార్లు కదిలేసరికి మన గుర్రాలు రెండూ బయట ఉన్నాయి, జీ7కి బిషప్ దారి తెరుచుకుంది.

వాడికి బాగా నచ్చింది మాత్రం ఆ తర్వాతది. మంత్రి ఇంకా ఆశపడి బీ3కి వస్తే గుర్రం డీ4. బిషప్ ఎఫ్7 కొట్టి చెక్ అంటుంది, రాజు ఈ7కి జరుగుతాడు. "అయ్యో, ఇక క్యాస్లింగ్ లేదుగా" అని కంగారుపడ్డాడు (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదిపి రాజుని భద్రం చేసుకోవడం, రాజు కదిలితే ఇక కుదరదు). ఆగరా, చూడు అన్నాను. మంత్రి సీ4కి వెళ్లి ఆ బిషప్‌ని కాస్తోంది, మనం బీ5 బంటు తోస్తే ఆ కాపలా వదలక తప్పదు, బిషప్ మనది. బీ5 బంటుని కొడదామా అంటే డీ4 గుర్రం కాచుకుని ఉంది. రెండుసార్లు మళ్లీ పెట్టించుకుని చూశాడు.

అయితే ఈ ఎత్తుని వెంటనే చిత్తు చేసేయాలనుకోవడమూ ప్రమాదమే. 2005లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురా అంతటివాడు చెన్నై గ్రాండ్‌మాస్టర్ శశికిరణ్ మీద రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5కి తెచ్చాడు. శశికిరణ్ ఆడినదీ ఇదే, గుర్రం సీ6, జీ6, గుర్రం ఎఫ్6. గెలిచాడు కూడా, కానీ ఆట ఎనభై ఎత్తులు దాటింది. తొందరపడి వచ్చినవాడి మీద మనం తొందరపడకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఈ ఆటంటే అంత ఇష్టం.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. మళ్లీ ఎవరో హెచ్5 అన్నారట, ఈసారి ముప్పై ఎత్తుల దాకా లాగి, చివర్లో ఒక ఏనుగు చూసుకోక ఓడిపోయాడట. ఎత్తులన్నీ రాసి ఉంచమన్నాను, ఆదివారం బోర్డు మీద పెట్టి చూస్తాం.